దేవుడు లేడని చెప్పమని కబురు

అరవైల చివర్లో, విజయనగరంలో బీఏ చదువుతున్నప్పుడు, దేవుడు లేడనడానికి నా దగ్గర పదకొండు కారణాలుండేవి. సెలవులకు శ్రీకాకుళం దగ్గరి మా ఊరొస్తే అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. నిజానికి అడిగినవాళ్లెవరూ లేరు.

ఆ ఏడు తొలకరికి పక్క మడి రైతు మా చిన్నమ్మ గట్టు రాయిని రెండు బారలు ఇవతలికి జరిపాడు. వరసకు నాకు మావ. చిన్నాన్న పోయాక చిన్నమ్మకు ఆ మడే ఆధారం. రాయి జరుపుతుండగా చూసింది నేనొక్కణ్ణే. మా ఊళ్లో ఇలాంటి తగువులు అమ్మవారి గుడి ముందు తేలుతాయి. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయాలి. పదహారు రోజుల్లోపు ప్రమాణం చేసినవాడికి కీడు జరిగితే అబద్ధమాడినట్టు.

నేను చెయ్యి చాపాను. ఊరి పెద్ద ఆపాడు.

"ఆగరా. నీకు దేవుడు లేడు కదేటి?"

"లేడండి."

"మరి ఎవులి మీద ఒట్టేస్తావు? ముందు లేడని రుజువు సెయ్యి, ఇందాం."

రుజువు చేస్తే నా ఒట్టు చెల్లదు. చేయలేకపోతే నేను ఒట్టి వాగుడుకాయని. పదకొండింటిలో గట్టును కాపాడే కారణం ఒక్కటీ లేదు.

"రాయి జరపడం సూసాను. దేవుణ్ణి సూడనేదు. సూసిందే సెప్తన్నాను," అన్నాను.

"అది సాచ్చెం కాదు, తెలివి," అని ఆయన మావ వైపు తిరిగాడు. మావ ఏటా శివరాత్రికి శ్రీముఖలింగం నడిచి వెళ్లే భక్తుడు. రాయి జరపలేదని కర్పూరం ఆర్పేశాడు కానీ, అమ్మవారి వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు.

చిన్నమ్మ దారంతా నన్నే తిట్టింది. నోట్లో నిప్పు పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట బయటికి తీసి మరీ తిట్టింది. "దేవుడు లేకపోతే లేకపోనీ. ఆ సంగతి ఊరంతా సెప్పాలేటి?"



ఆ తర్వాత ఊళ్లో నాకన్నా ఆత్రంగా దేవుడి కోసం ఎదురుచూసినవాడు లేడు. రోజూ పొద్దున్నే వెళ్లి మావ అరుగు మీద ఎలా ఉన్నాడో చూసొచ్చేవాణ్ణి. అతను గుండ్రాయిలా ఉంటే నా వాదం గెలిచినట్టు, చిన్నమ్మ మడి పోయినట్టు. అతను దగ్గితే నాకు ఆశ. ఆశపడినందుకు సిగ్గు. ఈ రెండింటి మధ్యా అన్నం సయించేది కాదు.

పన్నెండో రోజు మావకు చలిజ్వరం వచ్చింది. చిన్నమ్మ వెళ్లి అమ్మవారికి బిందెడు పసుపునీళ్లు పోసొచ్చింది. ఆ వీధిలో అప్పటికే మూడిళ్లలో అదే జ్వరం. మలేరియా వర్కరు నెత్తురు చుక్కలు తీసుకుని, మాత్రలిచ్చి, గోడల మీద తేదీలు రాసిపోయాడు. ఆ మూడిళ్లవాళ్లూ ఎవరి గట్టూ జరపలేదు.

మధ్యాహ్నం మావ నన్ను రమ్మని కబురంపాడు. చిన్నమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎల్లు. నోరు మాత్రం ఇప్పకు."

మావ రెండు దుప్పట్ల కింద వణుకుతున్నాడు.

"ఒరే, సదూకున్నోడివి. దేవుడు లేడని ఏవో కారణాలు సెప్తావంట కదా. ఓ రెండు సెప్పరా."

అడిగిన మొదటి మనిషి! చెబితే రాయి అక్కడే ఉండిపోతుంది. చెప్పకపోతే, నేను లేడన్న దేవుడితోనే ఒక రోగిని బెదిరించినవాణ్ణవుతాను.

"మావా, ఇది మలేరియా. పక్కింట్లోనూ ఇదే. మాత్తర్లేసుకో, తగ్గుతాది."

"అయితే అమ్మోరు కాదు కదా?"

"కాదు."

అతను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. చిన్నమ్మ మడి నా చేతుల మీదుగానే పోయిందనుకున్నాను.

"కానీ మావా, నువ్వు రాయి జరపడం నాను సూసాను. మొన్న గుడి దగ్గర నీ మొహం కూడా సూసాను."

అతను పళ్లు కటకటలాడిస్తూ గోడ వైపు తిరిగాడు.

"ఆ మాత్తర్లు ఇలా తే," అన్నాడు. "మా పెద్దోణ్ణి పిలు. గునపం అట్టుకు గట్టు కాడికి ఎల్లమను."

ఇంటి దగ్గర చిన్నమ్మ వీధిలోనే పట్టుకుంది. "ఏటి సెప్పావు?"

"దేవుడు కాదు, మలేరియా అని సెప్పాను."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్లు మొదలయ్యేలోపే మావ కొడుకు గునపం భుజాన వేసుకుని మడి వైపు వెళ్తూ కనిపించాడు. చిన్నమ్మ గుడి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

జరిగిందేమిటో వివరించబోయాను. ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.