మంచు కరిగాక చెప్పకూడని కథ

మే నెలలో మినియాపోలిస్ నుంచి డులూత్ వెళ్లే బస్సులో నా పక్కన ఓజిబ్వే అనే అమెరికా ఆదివాసీ తెగకు చెందిన అమ్మాయి కూర్చుంది. చిన్నపిల్లలకు చదువంతా ఓజిబ్వే భాషలోనే చెప్పే బడిలో టీచరు కావడానికి శిక్షణ పొందుతోంది. మర్నాడే పరీక్ష. తెగ పెద్దావిడ ఎదుట, ఒక్క ఇంగ్లిష్ ముక్క లేకుండా పాఠం చెప్పాలి.

మా ఊరు అరోరాలోని లైబ్రరీలో ఓజిబ్వేల మీద రెండు పుస్తకాలు చదివినవాణ్ని, ఊరుకోగలనా? "మీ పాత కథొకటి నాకు వచ్చు," అంటూ మొదలుపెట్టాను.

ఆమె గబుక్కున చెవులు మూసుకుంది. "ఆపండి సార్! ఆ కథలు నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలి."

"పుస్తకంలో ఆ మాట లేదే!"

"పుస్తకం ఎండాకాలం కూడా మాట్లాడుతుంది. మా అమ్మమ్మ మాట్లాడదు," అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. సంచిలోంచి పాఠం కాగితం తీసింది. జనవరిలో రాసుకున్నదట. అందులో సగం పాత కథే!

"ఇప్పుడెలా?" అంది బిక్కమొహంతో.

"ఈ నెలలో మీ ఇళ్లలో ఏం చేస్తారు?" తెలియనివాడిలా అడగడం నాకదే మొదటిసారి.

"చేపలు పడతాం."

అదే పాఠమైంది. బస్సులోనే సాధన మొదలు: ఆమె టీచరు, నేను చేప. సీట్లో గిలగిలా కొట్టుకుంటుంటే ముందు సీటావిడ కంగారుపడి, "ఈయనకు ఒంట్లో బాగాలేదు, బస్సు ఆపండి!" అని కేకేసింది. డ్రైవరు బస్సు పక్కకు ఆపి పరుగున వచ్చాడు. పాఠం నడుస్తోంది కదా, అమ్మాయి ఇంగ్లిష్‌లో సంజాయిషీ ఇవ్వలేదు. నన్ను చూపించి, నీళ్లలో ఈదుతున్నట్టు చేతిని ఆడించి, తన భాషలో ఒక మాట నెమ్మదిగా రెండుసార్లు పలికింది.

డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, ఆ మాట తప్పు లేకుండా తిరిగి చెప్పాడు.