ఇరవై ఆరున వచ్చిన పండుగ

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసి ఒకటే గొణుగుడు. అల్లుడికి ఈసారి క్రిస్మస్ రోజునే ఆఫీసులో డ్యూటీ పడిందట. పిల్లలు చిన్నవాళ్ళు, ఇంటికి రంగు దీపాలు కట్టారు, కేకు చెప్పారు, ఇప్పుడు తండ్రి లేకుండా ఏం పండుగ అని. "ఇరవై ఆరున చేసుకోండి, ఏం మునిగింది?" అన్నాను. అమ్మకు మతి తప్పుతోందని అనుకుని ఉంటుంది. ఇది నేను కనిపెట్టిన ఉపాయం కాదు, గోదావరిఖని క్వార్టర్లలో మా అమ్మ చేసి చూపించిందే. కానీ అది ఫోన్లో చెప్పే కథ కాదు.

మా బాపు బొగ్గుబాయిలో పంపు నడిపేవాడు. గనిని మావాళ్ళు బాయి అనే అంటారు. లోపల ఊరే నీళ్ళను రాత్రింబగళ్ళు పైకి తోడెయ్యకపోతే బాయి మునుగుతుంది. బొగ్గు తీసేవాళ్ళకు పండుగ సెలవు ఉంటుంది గానీ నీళ్ళకు సెలవేమిటి? అందుకని బాపూ, పక్క క్వార్టరు కాకా ఒక మాట మీద ఉండేవాళ్ళు. కాక మాకు చుట్టం కాదు, బాపుతో పాటు పంపు మీద పనిచేసే మనిషి. గోడకు ఇవతల మేము, అవతల వాళ్ళు. దసరాకు కాక బదులు బాపు దిగాలి, క్రిస్మస్‌కు బాపు బదులు కాక దిగాలి. ఎన్నో ఏళ్ళు ఆ మాట చెక్కుచెదరలేదు.

డిసెంబరు వచ్చిందంటే అమ్మ నడుం బిగించేది. మొదట గోడలకు సున్నం. బొగ్గు ఊళ్ళో తెల్లసున్నం వేయడం కంటే పిచ్చిపని ఇంకోటి లేదు. సాయంత్రమైతే ప్రతి ఇంటి ముందూ బొగ్గుపొయ్యి రాజేసేవాళ్ళు, ఆ పొగకు గోడ నాలుగు రోజులకే మాసిపోయేది. అమ్మ మళ్ళీ కుంచె పట్టుకునేది. "మసి దాని పని అది చేస్తది, నా పని నేను చేస్త" అనేది. తర్వాత బట్టలు. ఒకే తానులోంచి నాకు గౌను, తమ్ముడికి చొక్కా, చంకలోని చెల్లెలికి జుబ్బా. ముగ్గురం కలిసి నడిస్తే బ్యాండుమేళం వచ్చిందనుకునేవారు. సకినాలకు చిన్నమ్మ, అంటే కాక భార్య, వచ్చేది. పరిచిన బట్ట మీద ఆమె పిండిని వేళ్ళతో మెలిపెడుతూ చుట్లు చుట్టుకుపోతుంటే మేము కాళ్ళు ముడుచుకుని మంచం మీద కూర్చోవాలి. ఎవరైనా కిందికి దిగితే వీపు విమానం మోతే.

కేకు మాత్రం అమ్మ ఒక్కతే చేసేది. పొయ్యి మీద ఇసుక పోసిన గిన్నె, అందులో కేకు గిన్నె, మూత మీద మళ్ళీ నిప్పులు. పచ్చిబొగ్గు పొగంతా పోయి కణకణలాడే దాకా ఓపిక పట్టాలి. ఒక ఏడు తొందరపడి ముందే పెట్టింది. ఆ కేకు తింటుంటే బాపు షిఫ్టు దిగి వచ్చినప్పటి వాసన వచ్చింది. "బాయిల తిన్నట్టే ఉన్నది" అని బాపు మెచ్చుకున్నాడు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

నేను మూడో తరగతిలో ఉన్న ఏడు, పండుగనాడు పొద్దున్నే కాక వాకిట్లోకి వచ్చాడు. బూట్లు వేసుకుని, చేతిలో సద్ది పట్టుకుని, డ్యూటీకి తయారై ఉన్నాడు గానీ, పైన గొంగడి కప్పుకున్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"కాలిపోతున్నవ్. గీ జరంతోని బాయి దిగుతవా?"

"మాటిచ్చిన వదినె. దసరాకు అన్న నాకోసం దిగిండు. గియ్యాల నేను దిగాలె."

"లోపల పడిపోతె నీ పెండ్లాం పిల్లలకు నేనేం జవాబు చెప్పాలె? పో, పోయి పండుకో." ఆ తర్వాత బాపు వైపు తిరిగి, "నువ్వు పో. మాపటీలి ఆరాధనకు అందరం కలిసే పోదం" అంది.

వారాల తరబడి ఎదురుచూసిన మనిషి, క్షణం ఆలోచించకుండా బాపును పంపేసింది. బాపు కొత్త చొక్కా విప్పి పాతది తొడుక్కున్నాడు. అమ్మ మమ్మల్ని పొద్దుటి ఆరాధనకు తీసుకుపోలేదు, కొత్తబట్టలు ముట్టనివ్వలేదు, కేకు మూత తీయనివ్వలేదు. మిగతా క్రైస్తవుల పిల్లలు చేతుల్లో కేకు ముక్కలతో మా ఇంటి ముందు నుంచే తిరుగుతున్నారు. తమ్ముడు గేటు పట్టుకుని వేలాడుతూ మధ్యాహ్నం సైరన్ కోసం చెవులు రిక్కించాడు.

సైరన్ కూసింది. అందరి నాన్నలూ వచ్చారు. మా బాపు బదులు సైకిల్ మీద ఒకాయన వచ్చాడు. "అక్కా, తర్వాతి షిఫ్టాయన రాలే. పంపు ఇడిసిపెట్టి రావద్దు గద. అన్న ఆ షిఫ్టు గూడ చేస్తడట." చెప్పేసి వెళ్ళిపోయాడు.

అమ్మ కాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి, దండెం మీది గౌనూ చొక్కా మడతపెట్టి పెట్టెలో పెట్టి తాళం వేసింది. "పండుగ రేపు" అంది. తమ్ముడు నేల మీద పడి పొర్లాడు. గోడ అవతల నుంచి చిన్నమ్మ, "గట్ల ఏడిపిస్తవా అక్కా పిల్లల్ని? ఇంత ముక్క పెట్టు" అంది. "ఏడ్వనియ్యి. ఆళ్ళ బాపు నీళ్ళల్ల నిలబడ్డడు, మేం ఈడ కేకు తినాల్నా?" అంది అమ్మ. ఆ క్రిస్మస్‌కు మేము పచ్చిపులుసుతో అన్నం తిన్నాం. నాకు అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే తలంట్లు. కొత్తబట్టలు తొడిగి, బాపును ముందు నడిపించుకుంటూ అమ్మ చర్చికి బయల్దేరింది. చర్చికి తాళం వేసి ఉంది. అయ్యగారు, అంటే మా పాస్టరు, బనియన్‌తోనే కూర్చుని చాయ తాగుతున్నాడు.

"పండుగ నిన్ననే అయిపోయింది కదమ్మా."

"లోకానికి అయిపోయింది అయ్యగారు. మా ఇంటికి ఇంకా రాలే."

ఆయన నవ్వి, గ్లాసు పక్కన పెట్టి, తాళంచెవి తీశాడు. ముఖం ముడుచుకున్న తమ్ముడిని మంచి చేసుకోవడానికి గంట తాడు వాడి చేతికిచ్చాడు. అదే పొరపాటు. వాడు నిన్నటి కసంతా ఆ తాడు మీద తీర్చుకున్నాడు. మా ఊళ్ళో వేళగాని వేళ గంట మోగిందంటే ఒకటే అర్థం. బాయిలో ఎవరో పోయారని.

కాసేపటికి సందుల్లోంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. పిండి చేతులతో ఒకామె, సగం అల్లిన జడతో ఒకామె, చెప్పుల్లేకుండా చిన్నమ్మ. "ఏ బాయిల? ఎవలకయింది?" అరుస్తున్నారు. వాళ్ళల్లో చాలామంది ఇళ్ళ మగవాళ్ళు ఆ పూట షిఫ్టులో ఉన్నారు. అమ్మకు సంగతి అర్థమై ముఖం పాలిపోయింది. బాపు మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగి అందరికీ చూపించింది.

"ఎవలకేం కాలే. మా ఆయన ఇంటికచ్చిండు. మాకు గియ్యాల పండుగ."

ఒక ముసలవ్వ మెట్టు మీద కూలబడి, "పానం పోయినంత పనైంది గదనే! నీ పండుగ పాడుగాను!" అని తిట్టింది. తిట్టి, లేచి వచ్చి, బాపు రెండు చెంపలూ నిమిరింది. "పైలంగున్నవా బిడ్డా?" అంది. పిడుగుపడ్డా చలించని మా అమ్మ అప్పుడు ఏడ్చింది, అందరి ముందూ, కొంగు అడ్డం పెట్టుకోకుండా. నాకు నిన్నటి కోపం ఎటు పోయిందో తెలియలేదు.

వచ్చినవాళ్ళెవరూ వెనక్కి పోలేదు. అలాగే లోపలికి వచ్చి చాపల మీద కూర్చున్నారు. బాపు పెళ్ళికొడుకులా తల వంచుకున్నాడు. అమ్మ గొంతెత్తి పాడింది. కేకు అందరికీ పంచితే మాకు తలా ఒక పలుకు మిగిలింది.

కాలం ఎవరి కోసమూ ఆగదంటారు. మా అమ్మ దాన్ని ఒక పగలూ ఒక రాత్రీ గుమ్మం బయట నిలబెట్టింది, మా బాపు వచ్చేదాకా లోపలికి రానివ్వలేదు.