రెండిళ్లకు ఒకటే నంబరు

మొన్న మధ్యాహ్నం భోంచేసి అరుగు మీద కునుకు తీస్తుంటే మున్సిపాలిటీ వాళ్లు ఇద్దరు వచ్చి, గేటు పక్కన కొత్త నంబరు రేకు బిగించి, ఫోనులో ఫొటో తీసుకుని, మంచినీళ్లైనా అడగకుండా వెళ్లిపోయారు. మా ఊరు పంచాయతీ నుంచి మున్సిపాలిటీ అయి కొన్నేళ్లే అయినా, నిన్నటి పత్తి చేలల్లో ప్లాట్ల రాళ్లు లేచి, ఎవరూ వినని పేర్లతో కాలనీలు వెలిసి, ఇక్కడే పుట్టి పెరిగిన నేను కూడా దారి అడగాల్సి వస్తోంది. మళ్లీ కళ్లు మూసుకున్నానో లేదో, వేళ్లకు ఎర్రమన్ను జాజు అంటుకున్న ఒక పాత ఎండాకాలం నన్ను తనతో తీసుకుపోయింది.

అప్పట్లో నేను గ్రామ పంచాయతీలో కొత్తగా చేరిన గుమాస్తాను. ఇళ్లకు నంబర్లు వేసే పని నా నెత్తిన పడింది. చేతిలో జాజు డబ్బా, చంకలో రిజిస్టరు పెట్టుకుని, మగ్గాల చప్పుడు ఆగని సాలోళ్ల వాడ, దర్జీలూ కళాయి పూసేవాళ్లూ ఉండే మసీదు గల్లీ, పెద్ద రైతుల లోగిళ్లు, కొడకండ్ల వైపు నుంచీ దేవరుప్పుల వైపు నుంచీ బతుకుదెరువుకు వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్ల బజారు, అన్నీ తిరిగాను. ఒకరింట్లో చాయ్, ఇంకొకరింట్లో మజ్జిగ, మరొకరింట్లో ఉడకబెట్టిన పల్లికాయ. మర్యాద తగ్గితే నంబరు వంకరగా వేస్తాననుకున్నారో ఏమో, ఎవరూ ఊరికే పంపేవాళ్లు కాదు. ఏ తలుపు వెనక ఎవరున్నారో అడిగే పని లేకుండా రాసుకుంటూ పోయేవాణ్ణి. ఊరంతా నాకు తెలుసన్న ఆ గర్వమే నన్ను తప్పుదోవ పట్టించింది.

చివరికి మా గల్లీకి వచ్చాను. మా ఇంటికీ, నేను ఖాలా అని, అంటే పిన్ని అని, పిలిచే పక్కింటావిడ ఇంటికీ నడుమ ఒకటే మట్టిగోడ. ఆ గోడలో తలుపు లేని చిన్న దర్వాజ. ఖాలా భర్త దర్జీ, ఆమె వీధిలోకి వచ్చేది తక్కువ. కానీ ఆ దర్వాజలోంచి రోజుకు ఎన్నిసార్లు మా వంటింట్లోకి వచ్చేదో లెక్కలేదు. పొయ్యిలోకి నిప్పు, పాలలోకి తోడు, జ్వరం వస్తే కషాయం, అన్నీ ఆ దారినే తిరిగేవి. చిన్నప్పుడు నాకు వాళ్లింట్లో పట్టినంత కమ్మటి నిద్ర మా ఇంట్లో పట్టేది కాదు. అందుకే కాబోలు, ఎవరినీ అడక్కుండా, రెండవసారి ఆలోచించకుండా, రెండిళ్లకూ కలిపి ఒకటే నంబరు వేసి మా నాయన పేరు రాసేశాను.

ఏళ్లు గడిచాయి. మా నాయన పోయాడు, ఆ వెనకే ఖాలా భర్తా పోయాడు. పిల్లలు లేని ఆమెకు ఆ రెండు గదులే దిక్కు. వాటిని తన పేరిట రాయించుకోవడానికి అర్జీ పెడితే, రికార్డుల్లో ఆమె ఇల్లే లేదని తేలింది. మా నాయన అన్నదమ్ముల పాళ్లు ఇంకా తెగని రోజులవి. మా చిన్నాయన అన్నం తింటూ, "రికార్డుల మనదే ఉన్నది గదరా, నువ్వు ఊకో" అన్నాడు. మా అమ్మ వడ్డించబోయిన గరిటెను మళ్లీ గిన్నెలో పెట్టి, "గా మాట గీ ఇంట్ల ఇంకోపారి రానియ్యకు" అంది. ఆ ఇంటిని కాగితం మీద లేకుండా చేసింది నేనే కదా.

అధికారి దగ్గరకు వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. ఆయన వచ్చి చూసి, గోడలో దారి ఉన్నంతకాలం ఇది ఒకటే ఇల్లనీ, మూసేస్తేనే వేరే నంబరు ఇస్తాననీ చెప్పి వెళ్లాడు. ఆ సంగతి ఖాలాకు చెప్పలేక నసుగుతుంటే ఆమే నా తల నిమిరి, "నీ తప్పేమున్నది బేటా, నాకు గూడ ఒకటే ఇల్లనిపిస్తుండె. కట్టియ్యి" అంది. మేస్త్రి ఇటుకలు పేరుస్తుంటే మా అమ్మా, ఆమే చెరోవైపు కూర్చుని ఎప్పటి ముచ్చట్లో చెప్పుకుంటూనే ఉన్నారు. గోడ ఎత్తు పెరిగి ముఖాలు కనబడకుండా పోయాక మాటలు కూడా మెల్లగా ఆగిపోయాయి. నేను దొడ్లోకి వెళ్లి ఏడ్చాను.

ఇల్లు ఆమె పేరిట అయింది. చిన్నాయన నోరు మూతపడింది. కన్నుమూసేదాకా ఆమెను ఆ ఇంట్లోంచి ఎవరూ కదిలించలేకపోయారు.

గోడ కట్టిన వారానికి కాబోలు, మా వీధి తలుపు ఎవరో తట్టారు. మా అమ్మ వెళ్లి తీసింది. ఎదురుగా నల్లని బుర్ఖాలో ఒక ఆడమనిషి. "ఎవరమ్మా? ఎవరు గావాలె?" అని అడిగింది మా అమ్మ. గోడలోంచి దారి ఉన్నన్నాళ్లూ మా ఇంటికి రావడానికి ఖాలాకు బుర్ఖాతో పని పడలేదు మరి. ఆమె ముసుగు ఎత్తి, "నేనే అక్కా" అంది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆ రోజు మా అమ్మ ఆమెకు చాప పరిచింది, చాయ్ కాచి ఇచ్చింది, వీధి గుమ్మం దాకా సాగనంపింది. అంతకు ముందు ఆ మర్యాదలేవీ ఆమెకు ఎన్నడూ చేసి ఎరగదు.

ఇప్పుడు మా ఊళ్లో ఇళ్లకు కొదవ లేదు. ప్రతి ఇంటికీ దాని గోడ, దాని గేటు, దాని నంబరు ఉన్నాయి, ఎవరి హక్కుకూ లోటు లేదు. ఆ రోజు నేను చేసింది న్యాయమేనని నాకు తెలుసు. అయినా, పక్కింటి మనిషి చుట్టంలా వచ్చి, చుట్టంలా "పోయొస్త" అని చెప్పి వెళ్లడం మా ఊళ్లో ఆ రోజే మొదలైందనీ, దాన్ని మొదలుపెట్టింది నేనేననీ అనిపిస్తుంటుంది.