మూడోసారీ మునిగిన చెక్క చేప

ఆ చెక్క చేప మూడోసారి తిరిగొచ్చింది. చూపుడువేలంత పొడవు, వీపు మీద పచ్చరంగు, పొట్ట కిందా తోక దగ్గరా కొక్కేలు. దారానికి కట్టి నీళ్లలో లాగితే బతికున్నదానిలా ఊగుతూ పెద్ద చేపల్ని మభ్యపెట్టాలి. అలాంటిది నాలుగు విసుర్లకే బరువెక్కి అడుక్కి దిగిపోతోందట. లాంచీ డ్రైవరు దాన్ని బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వార్నిషమ్మకు కాస్త నయంగా ఉండేది.

"ఇంకొక్కసారి చూడమ్మా. ఈసారీ ఇంతే అయితే నేనూ ప్లాస్టిక్ వాటికే పోతా," అన్నాడు.

వార్నిషమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. పదేళ్లప్పుడు తండ్రి పక్కన పీట వేసుకుని ఉప్పుకాగితంతో చెక్క రుద్దడం నేర్చింది. ఆయన పోయాక బల్ల ఆమెకొచ్చింది. బల్లతో పాటు బాబాయీ వచ్చాడు. ఆయన పని చేయడు, చేసేవాళ్లకు సలహాలిస్తాడు.

చెక్క చేపలు వాడేవాళ్లు ఒక్కొక్కరే తగ్గి, చివరికి లాంచీ డ్రైవరూ ఆయన స్నేహితులూ మిగిలారు. ఆయన మళ్లితే వాళ్లూ మళ్లుతారు. అప్పుడిక బల్ల ఉండదు. భర్త ముందే చెప్పాడు: నడక నేర్చిన పాప తిరిగే ఇంట్లో కొక్కేలూ వార్నిష్ వాసనా పని ఉన్నన్నాళ్లు ఓర్చుకుంటాడట, పని లేనినాడు ఆ గదిలో పాప మంచం వేయాలట. అతని మాటలో తప్పు వెతకబోతే ఒక్కటీ దొరకలేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

మొదటిసారి పగుళ్లలో లప్పం నింపి రెండు పూతలు వేసింది. రెండోసారి నాలుగు వేసింది. ఇప్పుడు ఆరు వేయమన్నాడు బాబాయి. ఆమె వినలేదు. తడి లోపల ఉండగానే పూత వేస్తే తడిని తాళం వేసి దాచినట్టే. అందుకని చేపను కిటికీలో ఆరబెట్టి, రోజూ చిన్న కాటా మీద తూచింది. వాన జల్లు పడుతోందని భర్త కిటికీ మూసేవాడు. బాబాయి కాటా మీద టీ గ్లాసు పెట్టి, టీ తగ్గించి పోస్తున్నావమ్మా అని వెక్కిరించాడు. ఎనిమిదో రోజుకు గానీ బరువు తగ్గడం ఆగలేదు. అప్పటికి ఆమె ఓపికా అయిపోయింది.

పూత వేసేముందు చేపను గోరువెచ్చని నీళ్లలో ముంచింది. లోపలి గాలి వేడికి వ్యాకోచిస్తే, నీళ్లు లోపలికొచ్చే దారినే అది బయటికి రావాలి. తోక దగ్గర, కొక్కెం వేలాడే ఇనుప ఉంగరం మొదట్లోంచి, ఆవగింజంత బుడగలు వరసగా లేచాయి. ఒంటి మీద ఇంకెక్కడా లేవు. అన్ని పూతలూ ఒంటికే వేసింది. పెద్ద చేప పట్టి లాగినప్పుడల్లా ఉంగరం కదిలి, చుట్టూ వార్నిష్ చిట్లుతోంది.

ఉంగరం మరను విప్పబోతే బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు ఉంగరం బిగించాలి, తర్వాతే వార్నిష్. బిగించిన ఉంగరాన్ని మళ్లీ ముట్టకూడదు. అది ఆ బల్ల దగ్గర తండ్రి పెట్టిన కట్టుబాటు.

"ముప్పై ఏళ్లు అన్నయ్య ఇలాగే చేశాడు. ఒక్క చేపైనా తిరిగొచ్చిందా?"

"రాలేదు. మరి అవన్నీ ఎక్కడికి పోయాయి బాబాయ్?"

"ఎక్కడికేంటి, రాళ్లకు తగులుకుని తెగిపోయేవి. చాలావాటికి ఏడాదీ నిండేది కాదు..."

అంటూనే అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాడు. లాంచీ డ్రైవరు మాత్రం తండ్రి చెక్కిన చేపను ఆరేళ్లుగా ప్రాణంలా చూసుకుంటున్నాడు. అది నానడానికి సమయం ఇచ్చింది ఆ జాగ్రత్తే. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడుసార్లు తన చేతినే తిట్టుకుంది మరి.

ఉంగరాలు ఊడదీసి, చేపను మళ్లీ ఆరబెట్టింది. రంధ్రాల్లో పల్చటి వార్నిష్ చుక్కలు వేసి ఆరనిచ్చింది. మరలకు రెండు ట్యూబుల జిగురు కలిపి పూసి తిరిగి బిగించింది. ఆపైనే ఒంటికి పూత వేసింది. వారం తర్వాత తూచి, పగలంతా బకెట్లో ముంచి, తుడిచి మళ్లీ తూచింది. కాటా అదే అంకె చూపింది. నమ్మకం కలగక ఇంకోసారి తూచింది.

లాంచీ డ్రైవరు వచ్చి, బట్టలు నానబెట్టే తొట్టిలో దాన్ని అటూ ఇటూ లాగి చూశాడు. చేప ఒళ్లు విరుచుకుంటూ ఊగింది.

"మా వాళ్లందరి దగ్గరా కలిపి ఇంకో పదకొండున్నాయి. అన్నీ మునిగేవే. చెక్కకు వయసైపోయిందనుకున్నాం," అన్నాడాయన.

"మా అన్నయ్య పద్ధతి మరి," అన్నాడు బాబాయి, చేతులు కట్టుకుని.

వార్నిషమ్మ పళ్లు కొరుక్కుంది. పదకొండింటినీ తెచ్చేయమని డ్రైవరుకు చెప్పి, పాప మంచానికి ఇంకో చోటు చూడమనడానికి లోపలికి వెళ్లింది.