బుల్లయ్య చుట్ట, కొడుకు సిగరెట్టు

టంగుటూరు పక్క పల్లెలో బుల్లయ్య నాలుగెకరాల పొగాకు రైతు. మంచివాడే, కష్టజీవే. మాటల దగ్గర మాత్రం పరమ పిసినారి. పెళ్ళాంతో అవసరానికి మాట్లాడేవాడు, ఎద్దులతో అంతకంటే కాస్త ఎక్కువ మాట్లాడేవాడు. కొడుకు లక్ష్మీకాంత్‌తో అదీ లేదు. వాడికి ఏం చెప్పాలన్నా "మీవాడికి చెప్పు" అంటూ భార్య సుబ్బరావమ్మ చేత చెప్పించేవాడు. ప్రేమ లేక కాదు. తన తండ్రీ తనతో అంతే. తండ్రులంటే అలాగే ఉంటారనుకున్నాడు పాపం.

తండ్రీకొడుకుల మధ్య నేరుగా నడిచే మాట ఒకటే ఉండేది. సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చోగానే బుల్లయ్య చుట్ట తీసి "ఒరేయ్, ముట్టించుకురా" అనేవాడు. ఆరేళ్ళ పిల్లాడు పొయ్యి దగ్గరికి పరుగెత్తేవాడు. చుట్ట నోట్లో పెట్టుకుని, నిప్పు రాజుకునేదాకా రెండు దమ్ములు లాగి, దగ్గుకుంటూ తెచ్చి ఇచ్చేవాడు. "బాగా ముట్టించావురా" అని బుల్లయ్య వాడి తల నిమిరేవాడు. రోజు మొత్తంలో వాడికి దక్కే మెప్పు అదే.

"పసివాడి చేత ఏం పనయ్యా అది?" అని సుబ్బరావమ్మ సణిగేది.

"ముట్టించడం వేరు, తాగడం వేరు" అని బుల్లయ్య కొట్టిపారేసేవాడు. ఆ ఊళ్ళో అందరి లెక్కా అదే. పొగాకు అమ్ముకుని పిల్లల్ని చదివించుకునే ఊళ్ళో పొగను ఎవరు తప్పుపడతారు?

2003లో లక్ష్మీకాంత్ ఒంగోలులో ఇంటర్‌లో చేరాడు. ఉండటం హాస్టల్లో. రెండు నెలలు తిరక్కుండానే వార్డెన్ మరియదాసు ఫోన్ చేశాడు. కుర్రాడు మేడ మీద సిగరెట్టు తాగుతూ దొరికాడు, తండ్రి రావాలి, రాకపోతే టీసీ ఇచ్చి పంపేస్తారు. బుల్లయ్యకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు తగిలించి, చదువు మాన్పించి ఇంటికి ఈడ్చుకొచ్చేద్దామనే బస్సెక్కాడు.

వార్డెన్ గదిలో కొడుకు తల దించుకుని నిలబడ్డాడు. వాణ్ణి చూడగానే బుల్లయ్య చెయ్యెత్తాడు.

"ఆగండి బుల్లయ్య గారూ" అని మరియదాసు అడ్డుపడి, పిల్లాడి వైపు తిరిగాడు. "నీకు ఎవరు నేర్పార్రా? భయపడకు, పేరు చెప్పు."

"ఎవరూ నేర్పలేదు సార్. చిన్నప్పట్నుంచీ నాన్నకి నేనే చుట్ట ముట్టించేవాణ్ణి." "ఇక్కడ ఎవరూ లేరనిపించినప్పుడు ఒకటి వెలిగిస్తే, నాన్న పక్కనున్నట్టు ఉంటది."

బుల్లయ్య చెయ్యి దించుకున్నాడు. కొట్టాల్సింది ఎవరినో అతనికి అప్పుడు అర్థమైంది.

వారం రోజులు ఇంట్లో ఉంచుకుని తీసుకురమ్మన్నాడు మరియదాసు. ఈసారికి ప్రిన్సిపాల్‌కి తను నచ్చజెబుతానన్నాడు.

బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. సగం దారి గడిచింది. బుల్లయ్యకు తిట్టడం వచ్చు, పని చెప్పడం వచ్చు. పదహారేళ్ళ కొడుకుతో ఊరికే మాట్లాడటం ఎలాగో అతనికి నిజంగా తెలియదు.

"హాస్టల్లో అన్నం ఎట్టా ఉంటదిరా?" అన్నాడు చివరికి.

లక్ష్మీకాంత్ ఆశ్చర్యంగా చూశాడు. "బాగుండదు నాన్నా. పప్పు పేరుకే, అన్నీ నీళ్ళే."

"మరి ఏం తింటున్నావు?"

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. తిండి సంగతి దాటి నిద్ర పట్టదన్నాడు, లెక్కలు అర్థం కావన్నాడు, ఇంగ్లీషులో నోరు తెరిస్తే క్లాసంతా నవ్వుతుందన్నాడు. ఇన్ని మాటలు వాడి దగ్గర ఉన్నాయని బుల్లయ్యకు ఇన్నేళ్ళూ తెలియదు. వింటూనే ఉన్నాడు.

కండక్టర్ వాళ్ళ ఊరి పేరు అరిచాడు. బస్సు ఆగింది. లక్ష్మీకాంత్ మాట సగంలో ఆపి లేవబోయాడు. బుల్లయ్య వాడి చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాడు.

"వచ్చే ఊళ్ళో దిగుదాంలే. నువ్వు చెప్పు."