పళ్లతో గిటార్ విన్న ముత్యం

బోధన్‌లో మోటార్ వైండింగ్ చేసే ముత్యానికి కోపం ముక్కు మీదే ఉండేదని అందరూ అంటారు. అది తక్కువ చెప్పడమే, ఆయన కోపానికి ముక్కు ఒక్కటే ఏం సరిపోతుంది! కాలిపోయిన మోటారు తెచ్చిన రైతును ముందు "చెరుకుకు నీళ్లు పెట్టుమంటే మోటారుకు మంట పెట్టినవా?" అని తిట్టాకే నట్టు విప్పేవాడు. తిట్లు తిన్న రైతే మళ్లీ ఆయన దగ్గరికి వచ్చేవాడు. నడుస్తున్న మోటారుకు స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని పళ్ల మధ్య కరచుకుని, కళ్లు మూసుకుని వినేవాడు ముత్యం. లోపలి బేరింగ్ ఎన్నాళ్లు నడుస్తుందో చెప్పేవాడు. చెప్పింది తప్పేది కాదు.

పెళ్లిళ్ల సీజన్ వస్తే ఆ చేతులే కాశయ్య బ్యాండు మేళంలో గిటార్ పట్టేవి. ఒకటి కాదు రెండు కాదు, పదహారేళ్లు వాయించాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. రేడియో వింటూ, తప్పు పలికినప్పుడల్లా తనను తానే తిట్టుకుంటూ నేర్చుకున్నాడు. తొంభై మూడులో మాఘమాసం పెళ్లిళ్లకు ముందు లారీలో మైకు పెట్టె దొర్లి పడి ఆ పాత గిటార్ మెడ విరిగింది.

కాశయ్య అరవై దాటిన మనిషి, మేళానికి యజమాని. అప్పటికే ఆయన కన్ను కేసియో కీబోర్డు మీద పడింది. టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపే ఆత్మారాం ఒకటి కొన్నాడు. ఒక మీట నొక్కితే పిల్లనగ్రోవి, ఇంకో మీట నొక్కితే వయొలిన్. మనిషి ఒక్కడే, కూలీ ఒక్కరిదే.

"రెండు వేల లోపట మంచి గిటార్ దొరికితే తే, ముత్యం. పెండ్లిల గట్టిగ పలకాలె. లేకుంటే ఈ సీజన్‌కు ఆత్మారామే," అన్నాడు కాశయ్య.

"నా జాగల టైపు మిషిన్‌ను కూసోబెడ్తవా, కాశన్నా? సిగ్గుండాలె!" అన్నాడు ముత్యం. అరికాలి మంట నెత్తికెక్కింది. రాత్రంతా అన్నం ముట్టలేదు. తెల్లారగానే జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాడు.

బస్టాండుకు కొంచెం దూరంలో హార్మోనియాలు, తబలాలు అమ్మే దుకాణం ఉండేది. సేటు గోడ మీది ఎర్ర గిటార్‌ను దించాడు. అద్దంలా మెరుస్తోంది, నడుము మీద, తీగెల నాదాన్ని పట్టేందుకు వరుసగా మూడు కాయిల్ డబ్బాలు. పక్కనున్న పెద్ద స్పీకర్ పెట్టెకు వైరు తగిలించి సేటే తీగెల మీద చెయ్యి ఆడించాడు. దుకాణమంతా గుంయ్‌మంది.

"సౌండ్ సూసినవా భాయ్? నీ బ్యాండు మొత్తం ఊగిపోతది!"

"గది నీ పెట్టె సౌండు. వైరు గుంజు," అన్నాడు ముత్యం.

"వైరు గుంజితే కరెంటు గిటార్ ఎట్ల పలుకుతది?"

"అసలు గప్పుడే పలకాలె. గుంజు!"

వైరు ఊడదీసి, ఎర్ర గిటార్ పై కొమ్మును పళ్లకు ఆనించుకుని లావు తీగె మీటాడు. సేటు నోరు తెరుచుకుని చూశాడు. తీగె నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు చచ్చిపోయింది. తడిసిన అట్ట డబ్బాను తట్టినట్టుంది. మెడను కంటికి ఎత్తి, గోడకు గుండు కట్టి చూసే మేస్త్రీలా ఒక కన్ను మూసి చూశాడు. మధ్యలో వంపు. పన్నెండో మెట్టు మీద నొక్కితే శ్రుతి పక్కకు పోయింది. మళ్లీ వైరు తగిలించి, కాయిల్ డబ్బాలను ఒక్కొక్కటిగా స్క్రూడ్రైవర్‌తో తట్టాడు. మొదటిది పెట్టెలోంచి టక్‌మంది. రెండోది టక్‌మంది. మూడోది ఊఁ అనలేదు, ఆఁ అనలేదు.

ముత్యం అడగలేదు, ఆగలేదు. నాలుగు స్క్రూలు విప్పి డబ్బా పైకెత్తాడు. లోపల కాయిల్ లేదు. ఖాళీ ప్లాస్టిక్.

"ఏంది సేటు గిది? మూడున్నయని మూడింటి ధర జెప్పి, ఒకటి ఉత్త డొల్ల పెట్టినవా? నేను వైండింగ్ మెకానిక్‌నయ్యా! రాగి తీగె ఉన్నదో లేదో నాకు తెల్వదనుకున్నవా?"

"నేను జేసిన్నా? కంపెనీ నుంచి అట్లనే వచ్చింది."

"అట్ల వచ్చినదాన్ని నువ్వెందుకు అమ్ముతున్నవ్? నీకు చెవుల్లేవా?"

దుకాణం ముందు జనం మూగారు. సేటు ముఖం కందగడ్డ అయింది. మూల నుంచి దుమ్ము పట్టిన గోధుమరంగు గిటార్ ఒకటి తీసి, "గిది ఆర్నెల్ల సంది ఎవ్వరు కొంటలేరు. సగం ధరకే తీస్కపో, నీకు దండం పెడ్త," అన్నాడు.

మెరుపు లేదు, కాయిళ్లు రెండే. పళ్లకు ఆనించి మీటగానే ముత్యం కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. నాదం దవడలోంచి చెంపల్లోకి, అక్కడి నుంచి నెత్తిలోకి పాకింది. ఇరవై దాకా లెక్కపెట్టినా తీగె ఇంకా పాడుతూనే ఉంది. ఏ మెట్టు మీదా గరగర లేదు. వైరు తగిలిస్తే సన్నగా జుమ్ము వచ్చింది, తీగె మీద వేలు పెట్టగానే ఆగిపోయింది. లోపల ఎర్త్ వైరు ఎవడో సరిగా కట్టాడు. వాడి చేతులు సల్లగుండ అనుకున్నాడు ముత్యం. సేటు పెట్టెలోంచి ఆ లావు తీగె పలికితే గల్లాపెట్టె మీది గాజు గ్లాసు కూడా వణికింది.

బస్సులో గిటార్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత ఎవరినీ తిట్టాలనిపించలేదట. ఆ మాట తర్వాత ఆయన భార్య లింగవ్వతో తనే చెప్పుకున్నాడు.

మర్నాడు కాశయ్య గదిలో మేళమంతా కూర్చుంది. కాశయ్య వైరు తీసుకుని ఎప్పటిలాగే మైకు సెట్టుకు తగిలించాడు. గది బయట వెదురు కర్రకు రెండు మైకు గొట్టాలు కట్టి ఉన్నాయి, రేకువి, పెద్ద నోళ్లవి. ముత్యం లావు తీగె మీటాడు.

ఏమీ రాలేదు. గొట్టాల్లోంచి ఎక్కడో గోరుతో రేకు గీకినట్టు సన్నటి చప్పుడు. మళ్లీ మీటాడు. అదే. డోలు వాయించే సిద్దిరాములు ఫక్కుమన్నాడు. "గిటారా, ఎలుకనా అన్నా గది?"

"నోరు ముయ్యి!" ముత్యం లేచాడు. "గిటార్ మంచిదే. పదహారేండ్ల సంది గీ రేకు గొట్టాలల్ల ఇని ఇని మీ చెవులు కాలిపోయినయి! కాశన్నా, ఇటు రా. పండ్లు ఆనియ్యి. ఆనియ్యి అంటున్న!"

పెద్దమనిషి, కోపగించుకోకుండా వంగి కొమ్మును పళ్లకు ఆనించాడు. ముత్యం మీటాడు. కాశయ్య తీగె ఆగేదాకా కదల్లేదు. తర్వాత మూతి తుడుచుకున్నాడు.

"మస్తున్నది, ముత్యం. నిజంగ మస్తున్నది. గాని పెండ్లికి నాల్గు వందల మంది వస్తరు. అందరి పండ్లు ఆనిస్తవా?"

ముత్యం బయటి గొట్టాల వైపు చూశాడు. ఆ గొట్టాల లోపలి పొరలు కాలిపోతే మార్చేది తనే. లావు నాదం వాటికి ఎక్కదని బోధన్‌లో తనకంటే ఎవరికి తెలుసు? పాత గిటార్‌ది కీచుగొంతు, అందుకే చెల్లింది. సేటును అంత తిట్టాడు, మెడ చూశాడు, కాయిల్ చూశాడు, ఎర్త్ చూశాడు. గిటార్ పలికేది ఎందులోంచో మాత్రం చూడలేదు. గొట్టం మనసుకే రాలేదు. తన మీద తనకు వచ్చిన కోపానికి చెయ్యి కొరుక్కోవాలనిపించింది.

"శుక్రవారం పెండ్లికి ఆత్మారాం వస్తడు. నువ్వు జనరేటర్ సూస్కో. నీ కూలి నీకిస్త," అన్నాడు కాశయ్య.

"నీ కూలి నువ్వే ఉంచుకో!" అని వెళ్లిపోయిన మనిషి శుక్రవారం పొద్దున్నే వచ్చి జనరేటర్ పక్కన నిలబడ్డాడు. ఆ టైపు మిషను నవ్వులపాలవుతుంటే కళ్లారా చూడాలని వచ్చాడు. వేరే మంచి ఉద్దేశం ఏమీ లేదు.

పెళ్లి కూతురిది రుద్రూరు దగ్గరి పల్లె. పదకొండు గంటలకు పెళ్లికొడుకును ఎదురెళ్లి తీసుకొచ్చే ఎదురుకోళ్లు. తోపుడు బండి మీద జనరేటర్ దడదడలాడుతోంది, ముందు రిక్షా మీద గొట్టాలు. ఆత్మారాం ఒక పాట అందుకున్నాడు, మధ్యలో ఏదో మీట నొక్కాడు. గొట్టాల్లోంచి గిటార్ వచ్చింది. కణకణమంటూ, ఊరి చివరి దాకా వినబడేలా. జనం ఈలలు వేశారు, పెళ్లికొడుకు దోస్తులు రుమాళ్లు ఊపారు.

తీగె లేదు, చెక్క లేదు, వేలు లేదు.  ముత్యం చెయ్యి దానంతటదే పోయి జనరేటర్ మీట ఆపేసింది.

గొట్టాలు మూగబోయాయి. ముత్యం గొంతు చించుకుని అరిచాడు: "గది గిటార్ కాదు! ఒక్కడన్న ఇంటున్నడా? గది గిటార్ కాదు!"

పెళ్లికొడుకు మేనమామ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది మెకానిక్, మిషిన్ ఖరాబైందా? జల్ది సూడు, లగ్గం టైమైతుంది!"

చుట్టూ ఉన్నవాళ్లంతా జనరేటర్ వైపే చూస్తున్నారు. మీట ఎవరు ఆపారో కాశయ్య ఒక్కడికే తెలిసింది. ముత్యం ముఖం చూశాడు, తల దించుకున్నాడు, మేనమామతో మెల్లగా అన్నాడు: "పెట్రోల్ అయిపోయిందయ్యా. పోస్తున్నడు. మా ముత్యం శాన మంచి మెకానిక్."

ఆ మాటకు ముత్యానికి వచ్చినంత కోపం సేటు మీద కూడా రాలేదు, కళ్లలో నీళ్లు తిరిగేంత కోపం.  నిండుగా ఉన్న ట్యాంకు మూత తీసి, మళ్లీ పెట్టి, తాడు పట్టి గుంజాడు. జనరేటర్ మొదటి గుంజుకే అందుకుంది. ఆత్మారాం ఆగిన చోటి నుంచే వాయించాడు. ఈసారి ఈలలు ఇంకా ఎక్కువ పడ్డాయి.