కలుపు పాట రాగంల హీబ్రూ

మా తమ్ముడు పాస్టరు చదువు అయిపోయినంక దాని మీది పెద్ద చదువుకు పట్నం పోయిండు. ఆ చదువుకు హీబ్రూ రావాలెనట. ఒక కీర్తన ఆ భాషల, చూడకుంట, సార్ల ముంగట ఒప్పజెప్పాలె. లేకుంటె సీటు పోతది. నేను మూడో తరగతిల బడి ఇడిసినదాన్ని, నాకేమెరుక?

"మన దేవునికి తెలుగు రాదారా?" అన్న.

"దేవునికి వస్తదక్కా, మా సార్లకే రాదు" అన్నడు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. కాలేజీ బందయ్యి ఇంటికి బయలెల్లితె, రైలును జనగామల ఆపేసిన్రట. పట్టాల మీద కూసున్నోళ్లతోటే కూసోని, వాళ్లు వండిన అన్నం తిని, లారీ ఎక్కి మా ఊరు నెల్లికుదురు చేరిండు.

ఇంట్ల చదువు ఎక్కుతలేదని నాతోటి పొలానికి వచ్చేటోడు. మేము వరిల కలుపు తీస్తుంటె ఒడ్డు మీద నిలబడి చదివేటోడు. ఒక వరుస పట్టుకుంటె ఇంకో వరుస జారేది. మా కలుపుల ఒక పద్ధతుంటది. ముందున్న మనిషి పాట ఎత్తుతది, ఎనుకున్నోళ్లు అందుకుంటరు. అట్లయితె ఎంత మొద్దుకైనా పాట వస్తది.

"ఊకె గట్ల గొణిగితె ఏమొస్తదిరా? రాగం కట్టి ఎత్తు, మేమందుకుంటం" అన్న.

ఎత్తిండు. నోరు తిరగకున్నా, అర్థం తెల్వకున్నా అందుకున్నం. "గీ పాటకు కలుపు దానంతటదే లేచి పోతదేమో" అన్నది మా వదినె. చేను అయిపోయేసరికి వానికి కీర్తనంత నోటికొచ్చింది.

సమ్మె అయిపోంగనె మహబూబాబాద్‌ల రైలెక్కి పోయిండు. పరీక్షల నోరు తెరిస్తె రాగమే ఎళ్లిందట. తోటి పిల్లలు కిసుక్కున నవ్విన్రట. మా మాటకే నవ్వేటోళ్లు, పాటకు నవ్వరా? "ఇది పాఠమా, పొలం పాటనా?" అన్నడట సారు. రాగం తీసేసి చెప్దామంటె వానికి ఒక్క మాట యాదికి రాలే. ఎండకాలం ఇంకొక్కసారి రా, అదే ఆఖరు అని పంపిన్రు.

"ఇంక పోనక్కా" అన్నడు ఇంటికొచ్చి. తలుపు పెట్టుకోని, రాగం లేకుంట నేర్వాలని చూసిండు. పాత రాగం వాన్ని ఇడువలే.

ఆ నడుమనే మా బాపు పోయిండు. బొంద కాడ ఊరి పాస్టరు ప్రార్థన చేసి, "కొడుకువు, ఒక మాట చెప్పు" అన్నడు. తమ్మునికి తెలుగుల మాట పెగలలే. కండ్లు మూసుకున్నడు. ఆ కీర్తనొచ్చింది, ఆ రాగంలనే. ఒక వరుస చెప్పి ఆగిండు.

ఎనుక మాతోటి కలుపు తీసిన ఆడోళ్లున్నరు. బొట్టు పెట్టుకునేటోళ్లు, మొక్కులు మొక్కేటోళ్లు గూడ ఉన్నరు అండ్ల. వాళ్లు ఆ వరుస అందుకున్నరు. వాడు ఇంకోటి ఎత్తిండు. అట్ల కడదాక పోయింది. ఎవ్వరూ నవ్వలే. తలా ఇంత మట్టి పోసినం.

ఎండకాలం వాడే సంచి సదురుకోని పట్నం పోయిండు. తిరిగొచ్చిననాడు వాకిట్లనే అడిగిన.

"ఎట్లయిందిరా?"

"రాగంతోటే చెప్పిన."

"నవ్విన్రా?"

"నవ్విన్రక్కా. నేనైతె ఆపలే."

సీటు నిలిచింది. ఇప్పుడు భూపాలపల్లిల చర్చి చూసుకుంటున్నడు. వానకాలం ఊరికొచ్చినప్పుడు ఇద్దరం బాపు బొంద కాడికి పోతం. మొలిచిన గడ్డి పీకుతం. వాడు ఎత్తుతడు, నేను అందుకుంట.